లొరెతో గవర్నర్ గారికి: పళ్ల కోసం చెట్టును కూల్చనివ్వకండి

గౌరవనీయులైన గవర్నర్ గారికి,

పెరూలోని మీ లొరెతోకు చాలా దూరంగా, తెలంగాణలో ఉంటాను. మా ఇంట్లో తరతరాలుగా కల్లు గీయడానికి తాటిచెట్లెక్కినవాళ్లే. అందుకే తాటి జాతికి చెందిన అగ్వాహే పళ్ల కోసం మీ దగ్గర చెట్లనే నరికేస్తున్నారని చదివి ఊరుకోలేక రాస్తున్నాను.

తాటి లాగే అగ్వాహేలోనూ ఆడ, మగ చెట్లు వేరు. కాసేది ఆడ చెట్టే, గొడ్డలి పడేదీ దానికే. ఒకసారి నరికితే మళ్లీ చిగురించదు. పోనుపోను అడవిలో మగ చెట్లే మిగులుతాయి, మీ రాజధాని ఇకితోస్ మార్కెట్‌కు పళ్లు ఇంకా లోపలి నుంచి మోసుకురావాలి. ఆ పళ్లు తినే టాపిర్ అనే అడవి జంతువులకు, మకావ్ చిలుకలకూ తిండి పోతుంది. అగ్వాహే పెరిగే పస్తాజా-మరన్యోన్ చిత్తడి నేలల పీట్‌లో (పూర్తిగా కుళ్లని మొక్కల అవశేషాలు పేరుకున్న మట్టిలో) సుమారు 300 కోట్ల టన్నుల కార్బన్ ఉందని శాస్త్రవేత్తల అంచనా.

పట్టీలు, బెల్టుతో ఎక్కి గెల కోసే పద్ధతి మీ గ్రామాల్లో కొన్నిచోట్ల ఇప్పటికే ఉంది. దాన్ని అన్ని ఊళ్లకూ తీసుకెళ్లండి. కానీ నరకొద్దని చెప్పి వదిలేయకండి సార్. 30 మీటర్ల చెట్టెక్కడం ప్రాణాలతో పని. మోకు జారి పడి నడుములు విరిగినవాళ్లు, చనిపోయినవాళ్లు మా దగ్గర ఎందరో. 2024లో మా ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో గీత కార్మికులకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అది ఎప్పుడో రావాల్సింది.

మీ వాళ్లకు కిట్లు, ట్రైనింగ్, ప్రమాద బీమా ముందే ఇవ్వండి. ఎక్కి కోసిన పళ్లకు మార్కెట్లో ఎక్కువ ధర వచ్చేలా చూడండి.

ఇట్లు,
తెలంగాణ గీత కార్మిక కుటుంబం నుంచి ఒకరు