వార్షిక నివేదిక 2024–25: కార్యదర్శి నుంచి సభ్యులకు

సభ్యులందరికీ నమస్కారం.

ముందు కృతజ్ఞతలు చెబుతాను, చివర పెడితే ఎవరైనా మిగిలిపోతారని భయం. అధ్యక్షులు మోకాలి నొప్పితోనే ఆఫీసుల మెట్లన్నీ ఎక్కి దిగారు. కోశాధికారి ప్రతి రూపాయికీ రసీదు తెప్పించారు. మహిళా విభాగం వాళ్లు ఫిబ్రవరిలో శిక్షణ జరిగిన రెండు రోజులూ టిఫిన్లు, భోజనాలు ఇళ్లలోనే వండి తెచ్చారు. అద్దె లేకుండా హాలు ఇచ్చిన కల్యాణ మండపం యజమానికి, ఫీజు తీసుకోకుండా రెండు రోజులు మన దగ్గరే గడిపిన సైకియాట్రిస్ట్ మేడమ్‌కి, మైక్ సెట్ పెట్టిన తమ్ముడికి సంఘం తరఫున చేతులెత్తి నమస్కారం.

చలివేంద్రం ఎండాకాలమంతా నడిచింది. కంటి శిబిరం జరిగింది. ఉగాదికి పంచాంగ శ్రవణం పెట్టాం. ఇవన్నీ మీరు చూసినవే.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది ఫిబ్రవరిలో జరిగిన శిక్షణ. మతి చలించినవాళ్లు, ప్రాణం తీసుకోబోతున్నవాళ్లు ఎదురైతే ఎలా మాట్లాడాలో, ఎక్కడికి తీసుకెళ్లాలో 108 సిబ్బందికి, పోలీసులకు, హోంగార్డులకు నేర్పించాం. మొత్తం 34 మంది వచ్చారు.

ఈ పని ఎందుకు నెత్తికెత్తుకున్నామో పాత సభ్యులకు తెలుసు. రెండేళ్ల కిందట మన వీధిలో డిగ్రీ చదివే పిల్లవాడు మూడు రాత్రులు నిద్రలేక, ఎవరో చంపడానికి వస్తున్నారని మేడెక్కి కూర్చున్నాడు. వాళ్లమ్మే భయపడి ఫోన్ చేసింది. వచ్చినవాళ్లు లాఠీ చూపించి దించారు. వీధంతా చూస్తుండగా తాడుతో చేతులు కట్టి జీపెక్కించారు. ఆ రాత్రి వాడు ఆసుపత్రిలో కాదు, స్టేషన్ బెంచీ మీద గడిపాడు. ఆ తల్లి ఆరు నెలలు వీధిలోకి తలెత్తుకుని రాలేదు. వచ్చినవాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. ఏం చెయ్యాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

చెప్పాల్సింది మాత్రం చట్టంలోనే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషిని లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. ఇల్లూవాకిలీ లేక తిరుగుతున్న మనిషైతే తప్పిపోయినట్టు ఎఫ్ఐఆర్ రాసి, కుటుంబం కోసం వెతకడం స్టేషన్ అధికారి బాధ్యత. మన తిరుపతికి ఇది ఎంత అవసరమో బస్టాండులో ఒక గంట నిలబడితే తెలుస్తుంది. దర్శనానికి వచ్చి మతి తప్పి ఇక్కడే ఉండిపోయినవాళ్లు ఉన్నారు, వాళ్ల మాట మనకు, మన మాట వాళ్లకు అర్థం కాదు. పోలీసులకు ఎప్పటికప్పుడు ఈ విషయాల మీద అవగాహన కల్పించాలని కూడా 30వ సెక్షన్ చెబుతోంది. ప్రభుత్వం చెయ్యాల్సిన పనికి మనం చందాలు పోగుచేయాల్సి రావడం నాకు బాధగానే ఉంది.

డబ్బు విషయం. సభ్యుల చందాలతో పాటు, కొడుకును పోగొట్టుకున్న ఒక రిటైర్డ్ టీచరమ్మ పేరు చెప్పవద్దని ఇచ్చిన విరాళమే పెద్ద ఆసరా. సమాజ సేవకని కంపెనీలు పక్కన పెట్టే సీఎస్ఆర్ నిధుల కోసం మూడు చోట్లకు వెళ్లాం. వాటర్ ప్లాంట్ అయితే ఇస్తాం, దీనికి ఇవ్వలేం అన్నారు. ఖర్చంతా బెంగళూరు నుంచి వచ్చిన ఇద్దరు శిక్షకుల ప్రయాణం, బస, కార్డుల అచ్చు. ఆడిట్ చేసిన లెక్కలు జతచేశాం, చూసి ఆమోదించగలరు.

ఈ శిక్షణ అక్టోబర్ 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడే పెట్టాలనుకున్నాం. నిరుడు బ్రహ్మోత్సవాలు అక్టోబర్ 4 నుంచి 12 వరకు వచ్చాయి, బందోబస్తు నుంచి మనుషులను పంపలేమన్నారు. అది న్యాయమే. ఆ తరువాత నాలుగు నెలలు ఒకే లెటర్‌ను టేబుల్ నుంచి టేబుల్‌కు తిప్పడం మాత్రం న్యాయం కాదు. ఆఖరి రోజు సర్టిఫికెట్లు ఇస్తానని మాటిచ్చిన అధికారి కోసం గంటన్నర చూసి, టీచరమ్మ చేతుల మీదుగానే ఇప్పించాం. అదే మంచిదైంది.

మొదటి రోజు పొద్దున ఎవరూ నోరు విప్పలేదు. మధ్యాహ్నం మేడమ్ ఒక కౌన్సెలర్‌ను నేల మీద కూర్చోబెట్టి, చెవులు మూసుకుని అరిచే మనిషిలా నటించమన్నారు. ఒక హెడ్ కానిస్టేబుల్ లేచి, అలవాటు కొద్దీ "ఏయ్, లెయ్" అని గద్దించాడు. అరుపు ఇంకా పెరిగింది. మేడమ్ ఆపి మళ్లీ చెయ్యమన్నారు. ఈసారి ఆయన టోపీ తీసి కుర్చీలో పెట్టి, రెండు మూరల దూరంలో తనూ నేల మీద కూర్చుని, "అన్నం తిన్న్యావా సామీ?" అన్నాడు. అంతే, హాలు నిశ్శబ్దం అయిపోయింది. ఎదుటి మనిషికి దారి అడ్డంగా కూర్చోకూడదని, ఒక్కరే మాట్లాడాలని, సైరన్ ఆపేయాలని, "చచ్చిపోవాలనిపిస్తోందా" అని నేరుగా అడగొచ్చని ఆ తరువాత అందరూ అడిగి మరీ రాసుకున్నారు.

ఇలాంటి శిక్షణ అమెరికాలోని మెంఫిస్‌లో 1988లో మొదలైంది, అక్కడ 40 గంటలు నేర్పుతారట. మనకు దొరికింది 12 గంటలే.

రెండో రోజు సాయంత్రం శిక్షణకు వచ్చినవాళ్ల చేత వాళ్ల సొంత టెన్షన్ గురించి మాట్లాడించాం. జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో 6 మంది పోయిన సంగతి ఎవరూ ఎత్తకుండానే మధ్యలోకి వచ్చింది. ఆ పూట నేను నోట్స్ రాయలేదు, ఇక్కడా రాయను.

జేబులో పట్టే కార్డు ఒకటి అచ్చు వేయించాం. ఒక వైపు 14416 టెలీమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్), 112, 108 నంబర్లు, ఇంకో వైపు 100వ సెక్షన్ సారాంశం తెలుగులో. ఒక హోంగార్డు మార్చిలో ఫోన్ చేశాడు. ఎండలో డివైడర్ మీద కూర్చుని ఎవరినీ దగ్గరికి రానివ్వని తమిళావిడతో గంటసేపు మాట్లాడి రుయా ఆసుపత్రికి చేర్చాడట. కార్డు చూపించి ఎఫ్ఐఆర్ కూడా రాయించాడట. నాలుగో రోజు ఆమె తమ్ముడు వచ్చాడని చెబుతుంటే అతని గొంతు వణికింది.

ఇక మనవాళ్ల సంగతి. వాలంటీర్లుగా 18 మంది పేర్లిచ్చారు, వచ్చింది ఐదుగురు. కుర్చీలు కూడా అధ్యక్షులే మోశారు. రాలేకపోతే ముందురోజే చెప్పండి, వేరే ఏర్పాటు చేసుకుంటాం.

రెండో బ్యాచ్‌లో ఆర్టీసీ బస్టాండు, రైల్వే స్టేషన్ సిబ్బందికి, ఆటో డ్రైవర్లకు శిక్షణ ఇద్దామని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. దీనికోసం సభ్యత్వ రుసుము నుంచి ఏటా కొంత విడిగా ఉంచాలన్న తీర్మానం మీ ముందుంది. తమిళం, హిందీ బాగా వచ్చిన సభ్యులు సమావేశం రోజే కోశాధికారి దగ్గర పేరు, ఫోన్ నంబర్ రాయించండి.

ఇట్లు,
కార్యదర్శి
తిరుపతి