పసికందుకూ నొప్పి తెలుస్తుంది

సంపాదకులకు నమస్కారం.

పుట్టగానే ఏడవని మా మనవడికి మెదడు మరింత దెబ్బతినకుండా చల్లబరిచే చికిత్స చేశారు. ఒంటి వేడిని 33.5 డిగ్రీల సెల్సియస్ దగ్గరే 72 గంటలు ఉంచారు. అద్దంలోంచి చూస్తే వాడు వణుకుతున్నాడు. నొప్పికి ఏమైనా ఇస్తున్నారా అని అడిగితే, 'ఇంత చంటివాళ్లకు ఏం తెలుస్తుంది లెండి' అన్నారొకరు. తెలుస్తుందని, పసిపిల్లల నొప్పి మీద పరిశోధన చేసిన డాక్టర్ కె.జె.ఎస్. ఆనంద్ 1987లోనే ఆధారాలతో రాశారు!

అలాగని మందు ఎక్కువైనా ముప్పే. ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు నొప్పి తగ్గించే మార్ఫిన్ అనే మందును లివర్ నెమ్మదిగా వదిలించుకుంటుంది. మామూలు మోతాదే రక్తంలో పేరుకుపోయి ఊపిరి మందగిస్తుంది, బీపీ పడిపోతుంది. ఊపిరిని అంతగా అణచని డెక్స్‌మెడిటోమిడిన్ అనే మత్తుమందు మీద పరిశోధనలు సాగుతున్నాయి గానీ, అదీ గుండె వేగాన్ని తగ్గిస్తుంది. కాబట్టి ఏ మందైనా తక్కువతో మొదలుపెట్టి, బిడ్డను చూసుకుంటూ మార్చాలి.

నవజాత శిశువుల వార్డుల్లో టెంపరేచర్ రాసే చార్టులోనే నొప్పి స్కోరు (బిడ్డను చూసి, నొప్పి ఎంత ఉందో వేసే అంకె) కూడా రాయించాలని ఆరోగ్యశాఖను కోరుతున్నాను. దీనికి మెషీన్ అక్కర్లేదు, ఒక గడి చాలు. ఏ మందు, ఎందుకు, ఎంత ఇస్తున్నారో తల్లిదండ్రులకు తెలుగులో చెప్పాలి. సూది గుచ్చేటప్పుడు తల్లిని పక్కన ఉండనిచ్చి, బిడ్డ మీద చెయ్యి వేయనివ్వాలి. మా కోడలిని మూడో రోజు దాకా లోపలికే రానివ్వలేదు.

— ఒక నాయనమ్మ, ఖమ్మం