రెండు గదుల మధ్య మా వాడి మంచినీళ్లు

సంపాదకుడు గారికి,

ఆటిజం పిల్లల థెరపీల మీద మొన్న మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. మాటల కోసం స్పీచ్ థెరపీ, ప్రవర్తన కోసం బిహేవియర్ థెరపీ రెండూ ఇప్పించండి అని అందులో రాశారు. ఇప్పించాం. రెండేళ్ల పాటు, ఒకే సెంటర్లో, పక్కపక్క గదుల్లోనే. చిక్కంతా ఆ రెండు గదుల మధ్య గోడతోనే వచ్చింది.

మా వాడికి ఐదేళ్లు, మాటలు లేవు. దాహమేస్తే ఫ్రిజ్ దగ్గరికెళ్లి తలుపు దబదబా బాది గట్టిగా అరిచేవాడు. స్పీచ్ మేడమ్ ఏమో వాడు ఎలా అడిగినా అదీ భాషేనమ్మా, వెంటనే ఇచ్చేయండి అన్నారు. బిహేవియర్ సార్ ఏమో అరిస్తే ఇవ్వకండి, ఇస్తే ఆ అరుపే అలవాటైపోతుంది అన్నారు. ఇద్దరిదీ తప్పని అనలేను, కానీ సీసా చేత్తో పట్టుకుని ఫ్రిజ్ ముందు నిలబడ్డ నేను ఎవరి మాట వినాలి? పైగా ఒక గదిలో ఫ్లాష్ కార్డు మీద ‘వాటర్’, ఇంకో గదిలో ‘డ్రింక్’, ఇంట్లో మేం ‘నీళ్లు’, మా అత్తగారు ‘మంచినీళ్లు’. మాటలొచ్చిన పిల్లాడైనా తికమకపడడా!

చివరికి వేరే ఊళ్లో ఒక థెరపిస్టు ఇద్దరి ఫైళ్లూ ముందు పెట్టుకుని చూసి, మా ఇంట్లో వాడు తాగే స్టీలు సీసానే ఫోటో తీసి ఫ్రిజ్ తలుపుకి అతికించమన్నారు. వాడు అరుపు మొదలెట్టకముందే, సీసా కోసం చెయ్యి చాచగానే, మా అత్తగారు వెనక నుంచి ఏమీ మాట్లాడకుండా వాడి చేత్తోనే ఆ ఫోటోని తలుపు మీంచి పీకించి నా చేతిలో పెట్టించాలి, నేను ‘నీళ్లు’ అని ఆ క్షణమే ఇచ్చేయాలి. అంతే. అడిగితే వస్తుందని వాడికి తెలియాలి, అరవాల్సిన అవసరం తగ్గాలి. నాలుగో వారంలో ఒకరోజు నేను పప్పు తాలింపు వేస్తుంటే వాడే ఫోటో పీక్కొచ్చి నా కొంగు లాగాడు. తాలింపు మాడిపోయింది లెండి.

ఇదేమీ కొత్త సంగతి కాదట. పెక్స్ అని పిలిచే, ఫోటో చేతికిచ్చి అడిగే ఈ బొమ్మల పద్ధతిని 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ కలిసి తయారు చేశారు. ఆయన బిహేవియర్ మనిషి, ఆవిడ స్పీచ్ థెరపిస్టు. వాళ్లు కలిసి చేసిన పని మన దగ్గర రెండు ఫీజులుగా, రెండు ఫైళ్లుగా విడిపోయింది. బొమ్మలు అలవాటైతే ఇక మాటలు రావని చుట్టాలు చాలా టెన్షన్ పెట్టారు, పరిశోధనల్లో ఆ భయానికి ఆధారం కనబడలేదని తర్వాత తెలిసింది. మా వాడు ఇప్పుడు ‘నీ’ అంటున్నాడు. ‘ళ్లు’ ఇంకా రావాలి.

బిహేవియర్ పద్ధతి పేరుతో పిల్లల్ని కుర్చీలో కదలకుండా పట్టి కూర్చోబెట్టి ‘నా కళ్లలోకి చూడు’ అని గద్దించే చోటికి మాత్రం పంపమని నేననను.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. పిల్లల ఆరోగ్యం కోసం 2013లో ప్రభుత్వం మొదలెట్టిన బాల స్వాస్థ్య పథకం కింద జిల్లాల్లో పెట్టిన డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాల్ని చిన్నప్పుడే గుర్తించి సాయం చేసే) సెంటర్లలో స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు ఒకే కప్పు కింద ఉండాలనే కదా ఉద్దేశం. పిల్లాడికి ఒకటే ఫైలు పెట్టి, నెలకోసారి అరగంట ఇద్దరూ తల్లిదండ్రులతో కూర్చుని, ఈ నెల ఏ మాట, ఏ భాషలో, అరిస్తే ఏం చేయాలి అని ఒక కాగితం మీద రాసిస్తే చాలు. దీనికి కొత్త బిల్డింగు అక్కర్లేదు. ప్రైవేటు సెంటర్లు సెషన్‌కి ఇంత అని తీసుకుంటున్నాయి కాబట్టి వాళ్లని మరీ గట్టిగా అడగాలి.

మా ఫ్రిజ్ మీద ఇప్పుడు ఆరు ఫోటోలున్నాయి. రోజుకి ఇరవైసార్లు తెస్తున్నాడని చాక్లెట్ ఫోటో ఒకటి తీసి దాచాను. వాడి నోరు నొక్కేసినట్టేనమ్మా, ‘ఇప్పుడు కాదు’ అని చెప్పడం నేర్చుకోండి అని థెరపిస్టు చీవాట్లు పెట్టారు. మళ్లీ అతికించాను.

– ఒక తల్లి, హనుమకొండ