వార్షిక నివేదిక: అరుదైన కేసులు, ఆస్పత్రి పరిశోధన, ఈ ఏడాది మన పని

గౌరవ సభ్యులకు నమస్కారం.

హైదరాబాద్‌లోని బోధనాసుపత్రుల్లో పరిశోధన పనుల్లో ఉన్న కోఆర్డినేటర్లు, స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, రికార్డు సెక్షన్ ఉద్యోగులు, పీజీ డాక్టర్లు, మనుషుల మీద పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీల్లోని సామాన్య సభ్యులు (వైద్యులు కాని మామూలు జనం) కలిసి నడుపుకుంటున్న సంఘం మనది. ఈ ఏడాది నెలవారీ సమావేశాల్లో ఏ కేసు చర్చకు వచ్చినా మాట చివరకు ఒక్కచోటికే చేరింది. పేషెంటు వచ్చిన మొదటి గంటల్లో ఏం రాశాం, ఏ శాంపిల్ దాచాం, ఎవరిని అడిగి దాచాం అన్నదే ఆ చోటు. అప్పుడు వదిలేసినదాన్ని తర్వాత ఎంత ఖరీదైన పరీక్షతోనూ పూడ్చలేం. అందుకే ఈ నివేదికలో సమావేశాల పట్టికను పక్కనపెట్టి, వాటిలో తేలిన సంగతులకే ఎక్కువ చోటిచ్చాం.

విషం కేసులు

నల్లగొండ, మహబూబ్‌నగర్, వికారాబాద్, మెదక్ వైపు నుంచి 108లో వచ్చే కేసుల్లో మనల్ని ఎక్కువగా కలవరపెట్టింది గడ్డిమందు. కేస్ షీట్‌లో ‘గడ్డిమందు తాగాడు’ అని మాత్రమే రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. గ్లైఫోసేట్ వేరు, గ్లూఫోసినేట్ వేరు, 2,4-డి వేరు, పారాక్వాట్ పూర్తిగా వేరు. పేషెంటు తాలూకు వాళ్లలో ఒకరిని ఇంటికి ఫోన్ చేయించి, డబ్బా మీది లేబుల్‌ను ఫొటో తీసి పంపమనాలి. కంపెనీ పెట్టిన పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు అసలు పేరు, శాతం కేస్ షీట్‌లోకి ఎక్కాలి.

పారాక్వాట్ తాగిన మనిషి మొదటి రోజు మాట్లాడుతూనే ఉంటాడు. నోరు మంట, వాంతులు తప్ప పెద్దగా ఏమీ కనపడదు. తర్వాతి రోజుల్లో మూత్రపిండాలు, ఆపైన ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. క్యాజువాల్టీలో అలవాటుగా పెట్టే ఆక్సిజన్ మాస్కు ఇక్కడ కీడు చేస్తుంది. ఊపిరితిత్తుల కణాల్లో పేరుకున్న పారాక్వాట్ ఆక్సిజన్‌తో చర్య జరిపి వాటిని ఇంకా వేగంగా పాడుచేస్తుంది. శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) బాగా పడిపోతే తప్ప ఆక్సిజన్ మొదలుపెట్టకూడదని నర్సింగ్ సభ్యులు తమ వార్డుల్లో మంచాల దగ్గరే కాగితం అతికించారు. ఈ ఏడాది జరిగిన అన్నింటిలోకీ మాకు ఎక్కువ విలువైనదిగా తోచిన పని అదే.

మూత్రంతో చేసే డైథయోనైట్ పరీక్షను ల్యాబ్ సభ్యులు రెండు సమావేశాల్లో చేసి చూపించారు. సోడియం డైథయోనైట్‌ను 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌లో 1 శాతం ఉండేలా అప్పటికప్పుడు కరిగించి, 10 మిల్లీలీటర్ల మూత్రానికి 2 మిల్లీలీటర్లు కలపాలి. పారాక్వాట్ ఉంటే నీలం రంగు వస్తుంది. దాని జాతి గడ్డిమందే అయిన డైక్వాట్ అయితే ఆకుపచ్చ వస్తుంది. పరీక్ష చాలా సులువు, తప్పడం కూడా అంతే సులువు. డైథయోనైట్ పొడికి గాలి, తేమ తగిలితే సత్తువ పోతుంది. మూత సరిగ్గా పెట్టని సీసాలోని పాత పొడితో చేస్తే నిజంగా విషం ఉన్నా రంగు రాదు. కాబట్టి ప్రతిసారీ పక్కనే రెండు ట్యూబులు పెట్టాలి: ఒకదాంట్లో మామూలు మూత్రం, రెండోదాంట్లో చుక్క పారాక్వాట్ కలిపిన మూత్రం. రెండోది నీలం కాకపోతే ఆ రోజు ఫలితాన్ని పక్కనపెట్టి కొత్త సీసా తెరవాలి. తాగిన ఆరు గంటలు దాటాక కూడా రంగు రాకపోతే లోపలికి పోయింది తక్కువేనని ఊహించవచ్చు. అంతకుముందు రంగు రాలేదని పేషెంటును ఇంటికి పంపకూడదు. ఇక్కడే తాగిన సమయం అక్కరకొస్తుంది. ‘ఉదయం’ అని రాస్తే చాలదు, గంట వేయాలి.

రెండోది తలకు వేసుకునే రంగు. మన తెలుగు జిల్లాల ఆస్పత్రులకు బాగా తెలిసిన విషం ఇది, బయటి పుస్తకాల్లో మాత్రం నాలుగు వాక్యాలకు మించి దొరకదు. ఇందులోని పారాఫినిలిన్‌డయమీన్ వల్ల కొన్ని గంటల్లోనే ముఖం, మెడ, నాలుక వాచిపోతాయి. ఎలర్జీ అనుకుని ఇంజెక్షన్ ఇచ్చి అబ్జర్వేషన్‌లో ఓ మూల పడుకోబెట్టడం తరచూ జరిగే పొరపాటు. ఈ వాపు ఊపిరి దారినే మూసేస్తుంది కాబట్టి గొంతు మారిందా, లాలాజలం మింగగలుగుతున్నారా అని చూస్తూనే ఉండాలి, ట్రకియాస్టమీ (మెడ దగ్గర రంధ్రం చేసి ఊపిరికి దారి పెట్టే ఆపరేషన్) ట్రే మంచం పక్కనే సిద్ధంగా ఉండాలి. ఆ గండం గడిచాక రెండోది మొదలవుతుంది. కండరాలు కరిగి మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారుతుంది. డిప్‌స్టిక్‌లో రక్తం ఉన్నట్టు చూపిస్తుంది గానీ మైక్రోస్కోపులో ఎర్రకణాలు కనపడవు. దెబ్బతిన్న కండరాల నుంచి రక్తంలోకి చేరే సీపీకే పెరుగుతుంది, పొటాషియం పెరుగుతుంది, మూత్రపిండాలు ఆగిపోవచ్చు, గుండె కండరానికీ దెబ్బ తగలవచ్చు. ప్రత్యేకమైన విరుగుడు లేదు. సెలైన్ ధారాళంగా ఎక్కించడం, ఈసీజీ, పొటాషియం మాటిమాటికీ చూడటం, వేళకు డయాలిసిస్ చేయడం, ఇంతే ఉన్నది.

దీనిమీద ఇక్కడి నుంచి వెలువడే వ్యాసాల్లో చాలావరకు పాత కేస్ షీట్లు తిరగేసి రాసినవే. ట్రకియాస్టమీ ఎప్పుడు చేస్తే ఎక్కువమంది బతుకుతున్నారన్న ప్రశ్నకు అవి జవాబు చెప్పలేవు. తాగిన గంట, వాపు కనపడిన గంట, మూత్రం రంగు మారిన గంట షీట్లలో ఉండవు కాబట్టి. రికార్డు సెక్షన్ సభ్యులు ఈ మూడింటికీ గడులు వేసి ఒకే పేజీ ఫారం తయారుచేశారు. వార్డుల్లో వాడకం మొదలైంది. రాత్రి డ్యూటీలో నింపడం ఇంకా కుదురుకోలేదు.

విషం తాగిన ఏ పేషెంటునైనా డిశ్చార్జికి ముందు సైకియాట్రీ వాళ్లు చూడాలని, డిశ్చార్జి కాగితం మీద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాయాలని కార్యవర్గం తీర్మానించింది. దీని మీద రెండో మాట లేదు.

పాముకాటు

కట్లపాము కాటు మీద జరిగిన సమావేశానికి జిల్లాల నుంచి కూడా సభ్యులు వచ్చారు. నేలమీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తాడు, కనురెప్పలు వాలిపోతుంటాయి, ఒంటిమీద వాపు ఉండదు, కాటు గుర్తు కూడా కనపడకపోవచ్చు. గ్యాస్ నొప్పి అని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రెండు గంటలు, సర్జరీ ఓపీలో మరో రెండు గంటలు పోతాయి. రాత్రి ఎక్కడ పడుకున్నారు, మంచం మీదా, నేలమీదా అన్న ఒక్క ప్రశ్న కేస్ షీట్‌లో తప్పనిసరి కావాలి.

ఈ విషం నరం చివర లోపలి వైపు పనిచేస్తుంది కాబట్టి నాగుపాము కాటులో ఫలితమిచ్చే నియోస్టిగ్మిన్ ఇక్కడ పెద్దగా పనికిరాదు. యాంటీ వెనం పెద్దవాళ్లకైనా పిల్లలకైనా ఒకటే మోతాదు, మొదట 10 వయల్స్. అది ఇచ్చినా అప్పటికే దెబ్బతిన్న నరం చివరలు కోలుకునేదాకా వెంటిలేటర్ మీద రోజుల తరబడి ఉంచాల్సి రావచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. పూర్తిగా చచ్చుబడిన కట్లపాము పేషెంటులో కనుపాపలు కూడా పెద్దవై, వెలుగుకు కదలకుండా ఉండిపోతాయి. చూసేవాళ్లకు బ్రెయిన్ డెడ్ అనిపిస్తుంది. లోపల మనిషికి తెలివి ఉండవచ్చు, మన మాటలన్నీ వినపడుతూ ఉండవచ్చు. అలాంటి మంచం పక్కన ఆశ లేదన్న మాట నోట రాకూడదు, వెంటిలేటర్ తీసే ఆలోచన అసలే రాకూడదు.

రక్తపింజర కేసుల్లో చేసే 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష గురించి ల్యాబ్ సభ్యుల మాట: 2 మిల్లీలీటర్ల తాజా రక్తం, పొడిగా శుభ్రంగా ఉన్న గాజు టెస్ట్ ట్యూబు, కదపకుండా 20 నిమిషాలు, ఆ తర్వాత ఒక్కసారి వంచి చూడటం. ప్లాస్టిక్ ట్యూబులో చేస్తే మామూలు రక్తం కూడా ఆలస్యంగా గడ్డకడుతుంది. డిటర్జెంట్‌తో కడిగిన గాజు ట్యూబుతోనూ అదే తంటా. మధ్యలో ఆత్రంగా కదిపి చూస్తే ఫలితం నమ్మదగ్గది కాదు. కొత్త గాజు ట్యూబుల స్టాకు క్యాజువాల్టీలో విడిగా ఉంచాలని మేం అడుగుతూనే ఉన్నాం.

పాముకాటు కాకుండా, మట్టిలోని బ్యాక్టీరియాతో వచ్చే మెలియాయిడోసిస్ అనే జబ్బు మీద కూడా ఒక సమావేశం జరిగింది. షుగరు ఉండి, వరి పొలాల్లో పనిచేసే మనిషికి తగ్గని జ్వరం, కాలేయంలోనో ప్లీహంలోనో చీముగడ్డలు ఉంటే అనుమానించాలి. కల్చర్‌లో దీన్ని సూడోమోనాస్‌గానో, బయటి నుంచి పడిన క్రిమిగానో రాసి పక్కనపెట్టడం జరుగుతోంది. కొలిస్టిన్, జెంటామైసిన్ రెండింటికీ లొంగకుండా కోఅమాక్సిక్లావ్‌కు లొంగితే ప్లేటు పారేయొద్దని చెప్పుకున్నాం.

కేసు రాయడం, మనిషిని దాచడం

కేసు రిపోర్టులు రాసే పీజీల కోసం కేసు రిపోర్టులో ఏమేం ఉండాలో చెప్పే 2013 నాటి కేర్ మార్గదర్శకాల మీద శిక్షణ నడిచింది. అందులో మనవాళ్లు ఎక్కువగా వదిలేసేవి రెండు: తేదీల వరుసలో జబ్బు నడిచిన తీరు, పేషెంటు తన మాటల్లో చెప్పిన అనుభవం. అంగీకారం డిశ్చార్జికి ముందే తీసుకోవాలి. ఆరు నెలల తర్వాత ఫోన్ నంబరు మారిపోతుంది, జర్నల్ అడిగేదేమో సంతకం.

కళ్లమీద నల్లపట్టీ వేస్తే మనిషిని గుర్తుపట్టలేరన్న భ్రమ ఇంకా పోలేదు. జర్నళ్లు దాన్ని ఒప్పుకోవు. ఊరి పేరు, వృత్తి, వయసు కలిపి రాస్తే ఆ ఊళ్లో అందరికీ ఎవరో తెలిసిపోతుంది. ఎక్స్‌రే మూలన పేరు, స్కాన్ ఫైలు లోపల దాగి ఉండే పేరు, ఐపీ నంబరు తీసేయాలి. వాట్సాప్ గ్రూపుల్లో పేషెంట్ల ఫొటోలు పెట్టడాన్ని కార్యవర్గం గట్టిగా వ్యతిరేకిస్తోంది.

ట్రయల్స్, అంగీకారం

2019 మార్చిలో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ (మనుషుల మీద మందుల పరీక్షలు) నిబంధనల మీద సామాన్య సభ్యుల కోసం తెలుగులో తరగతులు జరిగాయి. ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, సగం మంది ఆ సంస్థకు సంబంధం లేనివాళ్లై ఉండాలి, అధ్యక్షులు బయటివారే కావాలి. సామాన్య సభ్యురాలు కమిటీలో కూర్చుని ‘ఈ కాగితం మా పక్కింటావిడకు అర్థం కాదు’ అనగలిగితే ఆ కమిటీ పనిచేస్తున్నట్టే. ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసిన కార్యక్రమం 2010లో ఆగిపోయింది. హాస్టల్ వార్డెన్లు పిల్లల తరఫున సంతకాలు పెట్టిన సంగతి దేశమంతా చర్చకు వచ్చింది. తల్లిదండ్రులను అడగకుండా పైవాళ్ల సంతకంతో పని కానివ్వాలన్న తొందర ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది కాబట్టి ప్రతి తరగతిలోనూ ఆ ఉదాహరణ చెబుతున్నాం.

చదువురాని పేషెంటు అయితే నిష్పాక్షిక సాక్షి మొదటి నుంచి చివరిదాకా కూర్చోవాలి. చివర్లో వచ్చి సంతకం పెట్టే వార్డు బాయ్ సాక్షి కాడు. కొత్త రసాయన మందు ట్రయల్‌లో బలహీన స్థితిలో ఉన్న పేషెంట్లను చేర్చుకుంటే వీడియో రికార్డింగు తప్పనిసరి. హెచ్‌ఐవీ, కుష్ఠు మందుల ట్రయల్స్‌లో ఆడియో చాలు. వార్డు గోలలో తీసిన వీడియోలో పేషెంటు ప్రశ్న వినపడదు, సంతకం ఒక్కటే కనపడుతుంది. తలుపు మూసిన గదిలో తీయాలి. పూర్తయ్యాక ‘మీరు దీంట్లోంచి ఎప్పుడు బయటికి రావచ్చు, ఖర్చు ఎవరిది, ఒంట్లో బాగోకపోతే ఎవరికి ఫోన్ చేస్తారు’ అని మనం అడిగి, పేషెంటు నోటితోనే జవాబు చెప్పించాలి. చెప్పలేకపోతే సంతకం ఆ రోజు తీసుకోకూడదు, ఇంట్లోవాళ్లతో మాట్లాడి రమ్మనాలి.

ట్రయల్‌లో ఉన్న మనిషికి తీవ్రమైన ఇబ్బంది వస్తే 24 గంటల్లో డ్రగ్ కంట్రోలర్‌కు, స్పాన్సర్‌కు, ఎథిక్స్ కమిటీకి తెలియజేయాలి, 14 రోజుల్లో వివరమైన నివేదిక వెళ్లాలి. గడువు తప్పేది చాలావరకు ఒకే కారణంతో: పేషెంటు సొంత ఊళ్లో వేరే ఆస్పత్రిలో చేరతాడు, కోఆర్డినేటర్‌కు వారం తర్వాత విజిట్‌లో తెలుస్తుంది. అందుకు పరిష్కారంగా తెలుగులో అచ్చువేసిన కార్డు ఇస్తున్నాం. ట్రయల్ పేరు, మందు పేరు, రాత్రిపూట కూడా ఎత్తే ఫోన్ నంబరు దానిమీద ఉంటాయి. పేషెంటుకు ఒకటి, ఇంట్లో ఫోన్ వాడేవాళ్లకు ఒకటి.

మందుల దుష్ఫలితాలు

జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి పంపే ఫారాల్లో బ్యాచ్ నంబరు గడి ఖాళీగా ఉండటానికి కారణం కత్తెర. మందుల షాపులో స్ట్రిప్‌ను ముక్కలుగా కత్తిరించి ఇస్తారు, నంబరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. బిల్లు తెమ్మంటే దానిమీద దొరుకుతుంది. ఫెనిటాయిన్, కార్బమజపీన్ వంటి మూర్ఛ మందులతో వచ్చే డ్రెస్ అనే తీవ్రమైన దద్దుర్ల జబ్బు మందు మొదలుపెట్టిన 2 నుంచి 8 వారాలకు బయటపడుతుంది. కాబట్టి వారం రోజుల మందులే అడిగి ఆగిపోకూడదు, రెండు నెలల వెనక్కి వెళ్లాలి. ఎవరైనా నేరుగా 1800-180-3024కు ఫోన్ చేసి చెప్పవచ్చు.

ఇతర విషయాలు

ఆపరేషన్లలో మత్తుకు వాడిన క్లోరోఫాం ప్రాణం ఎలా తీస్తుందో పరిశీలించిన 1889 నాటి రెండో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ మీద ఒక ప్రసంగం జరిగింది. నిజాం సొమ్ముతో, జంతువుల మీద వందల ప్రయోగాలు చేసి, క్లోరోఫాంతో ముందు ఆగేది శ్వాసేనని కమిషన్ తేల్చింది. తక్కువ క్లోరోఫాంతోనే గుండె లయ తప్పి ఆగవచ్చని 1911లో లెవీ అనే పరిశోధకుడు చూపించాడు. ప్రయోగాల సంఖ్య ఎంత పెద్దదైనా, ముందే నమ్మినదాన్ని రుజువు చేయడానికి కొలిస్తే ఏమవుతుందో సభ్యులు చాలాసేపు చర్చించారు.

ఆడిట్ అయిన జమాఖర్చుల పత్రం విడిగా జతచేశాం. ఖర్చులో పెద్ద భాగం కార్డులు, ఫారాల అచ్చుకే పోయింది.

వచ్చే ఏడాదికి కార్యవర్గం పెట్టుకున్న పనులు: విషం కేసుల ఫారాన్ని జిల్లా ఆస్పత్రులకు పంపడం, అక్కడి ల్యాబ్ వాళ్లకు డైథయోనైట్ పరీక్ష చేతులమీదుగా నేర్పడం, శాంపిళ్లు దాచే డీప్ ఫ్రీజర్లకు కరెంటు పోయినప్పుడు మోగే అలారం పెట్టించడం. సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు ప్రతి ఒక్కరూ తమ వార్డులో నింపిన ఫారాల్లో ఏ గడులు ఖాళీగా మిగులుతున్నాయో రాసుకుని రండి. ఫారం రెండో అచ్చు దాన్నిబట్టే మారుతుంది.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి