చిట్టికి అమ్మ ఉత్తరం

పాలకొల్లు

చిట్టీ,

ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్‌లో అయితే "సరే అమ్మా, సరే అమ్మా" అని పెట్టేస్తావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. మీ నాన్నగారి మోకాలు పర్వాలేదు. పండు కొత్త బండిని గట్టు మీంచి కాలవలోకి దింపాడు. దెబ్బ బండికే, వాడు లేచొచ్చి టిఫిన్ తిన్నాడు.

మొన్న పెద్దత్త ఇంట్లో వ్రతానికి వెళ్తే చంటి కోడలు కనిపించింది. ఆఫీసు పని మీద బెంగళూరు వచ్చిందట. బుధవారం పదకొండింటికి చర్చ్ స్ట్రీట్‌లో నిన్ను చూసిందట. చేతిలో సంచులు, ఒక్కదానివే తీరిగ్గా నడుస్తున్నావట. అందరి ముందూ చెప్పింది. "సెలవు పెట్టుకుని ఉంటుందిలే" అని నేను ప్రసాదం పంచేశాను. పైగా ఆ అమ్మాయికి కళ్ళజోడు కూడా ఉంది, ఎవర్ని చూసి ఎవరనుకుందో.

ఆ వీధి నాకూ నచ్చిందిలే. మేం వచ్చినప్పుడు ఎం.జి. రోడ్డు మెట్రోలో దిగి నడిపించావు కదా. దారంతా రాళ్ళు పరిచి ఎంత శుభ్రంగా ఉంది! 2018లో కొత్తగా వేశారని నువ్వు అన్నావో లేదో, నాన్నగారు వంగి రాళ్ళ సందులు చూడడం మొదలెట్టారు. వానొస్తే నీళ్ళెటు పోతాయని దారిన పోయేవాళ్ళని కూడా అడిగారు. ఆ తర్వాత బ్లాసమ్ పుస్తకాల కొట్లో దూరారు, పాత పుస్తకాల మధ్య నుంచి బయటికి రారే!

ఈలోగా మనం ఆ బట్టల కొట్లోకి వెళ్ళాం, గుర్తుందా? తెల్ల టాప్, మెడ చుట్టూ లేసు, ధర 3,400. కొట్లో పనిచేసే పిల్ల "యూరోపియన్ లేస్ మేడమ్" అంది. నేను తిరగేసి చూశాను. పైనాపిల్ డిజైను, ముడి లోపలికి దాచి కొస కత్తిరించిన తీరు, అచ్చం మీ నాయనమ్మ చేతి పని. ఏ యూరప్పమ్మా, ఇది మా నరసాపురం పని, 1844లో మిషనరీలు నేర్పారట, 2024లో ఇది ఆ ఊరి పనేనని జీఐ గుర్తింపు కూడా వచ్చింది అన్నాను. నువ్వేమో "అమ్మా, పద" అని చెయ్యి లాగుతున్నావు. మీ నాయనమ్మ మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుని అల్లేది. ఏజెంటు దారం తూకం వేసి ఇచ్చేవాడు, అల్లిన లేసు మళ్ళీ తూచి తీసుకునేవాడు. తూకం తగ్గితే కూలిలో కోత. సాయంత్రానికి ఆవిడ చూపుడువేలి మీద సూది గీసిన గాటు ఎర్రగా ఉండేది. వచ్చింది చీటీ కట్టడానికే సరిపోయేది. ఆ చీటీ డబ్బే మీ నాన్నగారి చదువు. ఆ పిల్లకి ఇదంతా చెప్తే నవ్వి, "డిస్కౌంట్ ఇస్తా ఆంటీ" అంది. ఆ పిల్లది హిందూపురం, తెలుగు వచ్చని ముందే చెప్పొచ్చుగా!

తిరిగితే తప్పులేదు చిట్టీ. చూడ్డం వేరు, కొనడం వేరు. ఆర్నెల్ల ఖర్చు ఎప్పుడూ పక్కన ఉండాలి. కంపెనీలు మనుషుల్ని తీసేస్తున్నాయని పేపర్లో రోజూ రాస్తున్నారు. నీ సంగతని కాదు, మామూలుగా అంటున్నా. అలాంటిదేమైనా ఉంటే ఇంట్లో చెప్పాలి గానీ, పొద్దున్నే తయారై బయట తిరగకూడదు. ఎవరైనా సరే.

రాత్రి పెరుగన్నం తింటున్నావా? తల ఆరకుండా ఏసీలో కూర్చోకు.

కొబ్బరి దింపు డబ్బులొచ్చాయి, నాన్నగారు నీ అకౌంట్లో పదిహేను వేలు వేశారు. అద్దెకని కాదు, ఊరికే. తాడేపల్లిగూడెంలో ఎక్కేలా శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు కూడా తీసేశారు. ఆయనకి ఆ పుస్తకాల కొట్టు మళ్ళీ చూడాలని ఉందట. ఆవకాయ, పూతరేకులు తెస్తున్నాను. వచ్చే గురువారం దిగుతాం. స్టేషన్‌కి రాకు, ఆఫీసు ఉంటుంది కదా. ఉంటే రాకు. లేకపోతే రా.

అమ్మ