బాబాయి రిపోర్టు గురించి రమణకి

ఒరేయ్ రమణా,

బాబాయి బ్లాడర్ (మూత్రాశయం) క్యాన్సర్‌కి ఆ డీఎన్ఏ యూరిన్ టెస్టు చేయించాలా అన్న నీ వాట్సాప్ ప్రశ్నకి రెండు ముక్కల్లో జవాబు రాయడం నా వల్ల కాలేదు. ఫోన్లో చెబుదామంటే మధ్యలో నువ్వు పది ప్రశ్నలు వేస్తావు, నేను దారి తప్పుతాను. అందుకే ఈ ఉత్తరం. తీరిగ్గా చదువు, అర్థం కానిచోట గీత పెట్టుకో.

బాబాయికి ఇప్పుడు మూత్రం తేటగా వస్తోందని రాశావు, చాలా సంతోషం. మీ బావమరిది చెప్పిన యూరిన్ టెస్టు సంగతికొస్తాను. "క్యాన్సర్ మళ్ళీ వస్తుందో రాదో డీఎన్ఏ చూసి చెప్పేస్తారట" అన్నాడు కదా. అలాంటి టెస్టులు నిజంగానే ఉన్నాయి. కానీ ఆ "చెప్పేస్తారట" దగ్గరే ఉంది తిరకాసు.

ఒంట్లో ఏ కణం తీసుకున్నా జన్యువులు దాదాపు అవే. కంటి కణం కన్నులా, మూత్రాశయం లోపలి పొర కణం ఆ పొరలా ఉన్నాయంటే, ఎక్కడ ఏ జన్యువు పనిచేయాలో, ఏది నోరు మూసుకుని కూర్చోవాలో ఒక ఏర్పాటు ఉంది. అందులో ఒక భాగం మిథైలేషన్. డీఎన్ఏలో సైటోసిన్ అనే అక్షరం మీద మిథైల్ అనే చిన్న రసాయనం అతుక్కుంటుంది. జన్యువు మొదలయ్యే చోట ఇవి దట్టంగా పేరుకుంటే ఆ జన్యువు మూగబోతుంది. మన ఫిజిక్స్ మాస్టారు "ఇది పరీక్షకి రాదు" అని కొట్టేయించిన పేజీలు గుర్తున్నాయా? పేజీ పుస్తకంలోనే ఉండేది, ఒక్కడూ చదివేవాడు కాదు. ఇదీ అంతే.

కణం అదుపు తప్పి పెరగకుండా కళ్ళెం వేసే జన్యువులు కూడా ఇలా మూగబోవచ్చు. బ్లాడర్ క్యాన్సర్‌లో అందరూ పదేపదే చూసినవి ఆర్‌ఏఎస్‌ఎస్‌ఎఫ్‌1ఏ, రంక్స్3, సీడీహెచ్1 లాంటివి. ఇవి మూగబోయిన గడ్డలు ముదిరే అవకాశం ఎక్కువని 2005 నాటికే పేపర్లు వచ్చాయి. ఆ తర్వాత ఏడాదికి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టే ఓపిక నాకు లేదు. ఎవడి జన్యువు వాడికి ముద్దు.

మరి ఇన్ని పేపర్లు ఉన్నా బాబాయి డాక్టరుగారు వాటి ఊసెత్తలేదేమని అడిగావు. మా ల్యాబులో మేం తరచూ వాదించుకునేదే ఇది. ఒక పేపరు తీసుకో. ఎప్పుడో ఆపరేషన్లో తీసి మైనంలో దాచిన బ్లాకుల్లోంచి నూరో నూటయాభయ్యో గడ్డలు తీస్తారు. ఆ రోగుల్లో కొందరికి బీసీజీ (గడ్డ తీశాక మూత్రాశయంలోకి ఎక్కించే మందు) ఇచ్చి ఉంటారు, కొందరికి లేదు. మిథైలేషన్ ఎంత శాతం దాటితే "ఎక్కువ" అనాలో ఆ గడ్డల్లోనే చూసి తేలుస్తారు. అదే గీత ఇంకో ఊరి రోగుల మీద పెడితే ఫలితం జారిపోతుంది. అసలు గొడవ ఇంకొకటుంది. గడ్డ ముదిరినకొద్దీ మిథైలేషన్ కూడా పెరుగుతుంది. అలాంటప్పుడు మిథైలేషన్ చూసి "ఇది ప్రమాదకరం" అనడం చాలాసార్లు పాథాలజిస్టు (ముక్కని మైక్రోస్కోపులో చూసే డాక్టరు) గ్రేడ్ (కణాలు ఎంత చెడ్డగా కనిపిస్తున్నాయో), స్టేజ్ (ఎంత లోతుకి దిగిందో) రాసి ఇచ్చిన మాటనే ఖరీదైన పద్ధతిలో మళ్ళీ చెప్పడం. గ్రేడ్, స్టేజ్ తెలిసాక కూడా ఈ మిథైలేషన్ గుర్తు (మార్కర్) కొత్తగా ఏం చెబుతుందన్న ప్రశ్నకి నిలిచేవి తక్కువ.

పైగా పోటీకి ఉన్న పాతవాళ్ళు అంత తేలిగ్గా ఓడిపోయేవాళ్ళు కాదు. 2006లో యూరప్ వాళ్ళు 7 ట్రయల్స్‌లోని 2,596 మంది వివరాలు కూర్చి ఒక పట్టిక తయారుచేశారు. గడ్డలెన్ని, ఎంత పెద్దవి, ఇంతకుముందు ఎన్నిసార్లు తిరగబెట్టింది, ఎంత లోతుకి దిగింది, సీఐఎస్ (లోపలి పొరలోనే చదునుగా పాకే హై గ్రేడ్ క్యాన్సర్) ఉందా, గ్రేడ్ ఎంత అని ఆరు సంగతులు చూస్తే ఏడాదిలో, ఐదేళ్ళలో మళ్ళీ వచ్చే అవకాశం, ముదిరే అవకాశం అంచనా కట్టొచ్చు. ఆ ట్రయల్స్‌లో బీసీజీ తీసుకున్నవాళ్ళు చాలా తక్కువ కాబట్టి ఇప్పటి రోగులకి అది ప్రమాదాన్ని కాస్త ఎక్కువ చేసి చూపిస్తుందంటారు. అయినా రూపాయి ఖర్చు లేని లెక్క అది.

యూరిన్ టెస్టులు మాత్రం వేరే దారి పట్టాయి, నాకు ఆశ ఉన్నదీ వాటి మీదే. మూత్రాశయం పొర నుంచి రాలే కణాలు రోజూ మూత్రంలోకి వచ్చేస్తుంటాయి, సూది కూడా అక్కర్లేదు. వాటిలోంచి డీఎన్ఏ తీసి బైసల్ఫైట్‌తో కలిపితే మిథైల్ లేని సైటోసిన్ మారిపోతుంది, మిథైల్ ఉన్నది అలాగే నిలుస్తుంది. ఇంక తేడా చదువుకోవడమే. ఇజ్రాయెల్ వాళ్ళ బ్లాడర్ ఎపిచెక్ ఇలా 15 చోట్ల చూస్తుంది. ఇదివరకే గడ్డ తీయించుకుని ఫాలోఅప్‌లో ఉన్న 353 మందితో యూరప్‌లో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. తిరిగి వచ్చిన గడ్డల్లో అది పట్టుకున్నది మొత్తమ్మీద 68 శాతం. వినడానికి బాగోలేదు కదా? కానీ వదిలేసినవాటిలో ఎక్కువ భాగం పైపైన ఉండే లో-గ్రేడ్ గడ్డలు. అవి పక్కన పెడితే 92 శాతం దాకా పట్టుకుంది. నెగెటివ్ వస్తే ప్రమాదకరమైన గడ్డ లేదన్న మాట 99 శాతం నిజమైంది.

అయితే ఒక్కటి చూడు. "ఇప్పుడు లోపల గడ్డ ఉందా" అన్న ప్రశ్నకి జవాబిది. మీ బావమరిది అడిగేది "రేపు ఏమవుతుంది" అని. రెండూ కలిసే చోటు ఒకటుంది, నాకు భలే ఇష్టం. ఒక్కోసారి టెస్టు పాజిటివ్ వస్తుంది, స్కోపీలో (సన్నని గొట్టంతో మూత్రాశయం లోపల చూసే పరీక్ష) మాత్రం పొర శుభ్రంగా కనబడుతుంది. తప్పుడు పాజిటివ్ అని కొట్టేస్తే, వాళ్ళలో కొందరికి కొన్ని నెలల తర్వాత గడ్డ బయటపడుతుంది. 2010లో అమెరికాలో పీటర్ జోన్స్ బృందం చూపించింది కూడా ఇలాంటిదే. క్యాన్సర్ వచ్చిన మూత్రాశయంలో కంటికి మామూలుగా కనిపించే పొరలో సైతం మిథైలేషన్ మారిపోయి ఉంది. గడ్డ తీసేసినా ఇది పదేపదే ఎందుకు తిరగబెడుతుందో దాన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

ఇంకో సంగతి, బాబాయి కేసుకి సంబంధం లేదు, అయినా చెప్పకుండా ఉండలేను. ఈ క్యాన్సర్ ఆడవాళ్ళకంటే మగవాళ్ళకి మూడు నాలుగు రెట్లు ఎక్కువ. పొగ, రంగుల ఫ్యాక్టరీ పనులు లెక్కలోంచి తీసేసినా ఆ తేడా పూర్తిగా పోదు. కేడీఎం6ఏ అని ఒక జన్యువుంది, డీఎన్ఏ చుట్టుకునే ప్రోటీన్ల మీది గుర్తుల్ని చెరిపే పని దానిది. అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడవాళ్ళలో రెండో ఎక్స్ మూతపడినా ఈ జన్యువు మాత్రం మూతపడదు, కాబట్టి వాళ్ళకి రెండు కాపీలు పనిచేస్తాయి. ఎలుకల్లో దీన్ని తీసేస్తే ఆడ ఎలుకలకున్న ఆ రక్షణ తగ్గిందని 2018లో తేలింది. ఇలాంటి గుర్తులు పెట్టే, చెరిపే జన్యువులే దెబ్బతినడం బ్లాడర్ క్యాన్సర్‌లో మరీ ఎక్కువ. 2011లో చైనా వాళ్ళు 97 మందిని చూస్తే 59 శాతంలో కనిపించింది.

సరే, బాబాయి దగ్గరికొద్దాం. నువ్వు పంపిన బయాప్సీ రిపోర్టులో హై గ్రేడ్, టీ1 (లోపలి పొర దాటి దాని కింది పొరలోకి దిగింది, కండరం దాకా పోలేదు) అని ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో "మజిల్ నాట్ సీన్" అని ఒక ముక్క ఉంది చూడు. నా దృష్టిలో నీ ప్రశ్నకి జవాబు అక్కడుంది. తీసిన ముక్కల్లో కండరం లేకపోతే క్యాన్సర్ కండరంలోకి దిగిందో లేదో ఎవరూ చెప్పలేరు. మొదటిసారి తీసిన టీ1 గడ్డల్లో మూడో వంతు నుంచి సగం మందికి ఇంకా కొంత మిగిలే ఉంటుంది. అందుకే ఇలాంటప్పుడు రెండు నుంచి ఆరు వారాల లోపు మళ్ళీ లోపల చూసి, అదే చోట ఇంకాస్త లోతుగా తీస్తారు. డాక్టరుగారు రెండో ఆపరేషన్ అన్నది డబ్బుల కోసం కాదురా. ఆ టెస్టుకని దాచిన డబ్బు దీనికి వాడు. కండరం శుభ్రంగా ఉందని తేలితే బీసీజీ, వారానికొకటి చొప్పున ఆరు. తర్వాత మూడు నెలలకోసారి స్కోపీ. నొప్పి అని బాబాయి సణుగుతాడు, సణగనీ. యూరిన్ టెస్టు చేయించినా స్కోపీ మానడానికి మాత్రం ఒప్పుకోకు.

ఇక ఆ సిగరెట్లు. పొగ తాగేవాళ్ళ రక్తంలో ఏహెచ్‌ఆర్‌ఆర్ అనే జన్యువు దగ్గర మిథైలేషన్ తగ్గుతుంది, మానేశాక ఏళ్ళ తరబడి మెల్లగా మామూలు వైపు వస్తుంది. "ఈ వయసులో మానితే మాత్రం ఏం ఒరుగుతుంది" అంటాడు కదా, ఈ మాట చెప్పు. పిన్నిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చెప్పు, అప్పుడే పని జరుగుతుంది.

రెండో ఆపరేషన్ తేదీ తెలియగానే చెప్పు. ఈసారి ముక్కలు ల్యాబుకి పంపేటప్పుడు కండరం వచ్చిందా అని డాక్టరుగారిని అక్కడే అడుగు. రిపోర్టు రాగానే అన్ని పేజీలూ వెలుతురులో ఫొటో తీసి పంపు. మొన్నటి దాంట్లో సగం నీ బొటనవేలే ఉంది.

నీ
శీను