కొట్టే భర్తలకు ఆరు నెలల తరగతులు పెట్టండి: మంత్రిగారికి బహిరంగ లేఖ

తెలంగాణ మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. భార్యను కొట్టినవాణ్ని స్టేషన్‌కు పిలిపించి, ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ‘ఇక కొట్టను’ అని కాగితం రాయించుకుని పంపేయడాన్ని మనం కౌన్సెలింగ్ అంటున్నాం. అతని ముందు ఆమె నిజం చెబితే ఇంటికెళ్లాక దెబ్బలు తప్పవు. చెప్పకపోతే ‘చిన్న గొడవే’ అని ఫైలు మూసేస్తారు.

చట్టం ఇలా చెయ్యమనలేదు. 2005 గృహహింస చట్టం 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు అతన్నొక్కణ్నే కౌన్సెలింగ్‌కు పంపవచ్చు. చేసిన హింసను అక్కడ సమర్థించుకోవడానికి వీల్లేదని, ఆ సంగతి అతనికి ముందే చెప్పాలని 2006 నిబంధనల్లో ఉంది. కానీ అదే సెక్షన్ ప్రకారం తర్వాతి వాయిదా రెండు నెలల లోపే. ఏళ్ల తరబడి అలవాటైన పెత్తనం ఆ గడువులో పోదు. కాలిఫోర్నియాలో ఇలాంటి కేసుల్లో ప్రొబేషన్ మీద విడిచిపెట్టినవాళ్లు 52 వారాల తరగతులకు వెళ్లాలి.

మేం అడిగేది కనీసం 26 వారాలు. వారానికోసారి రెండు గంటలు, ఒక్కో బృందంలో పది పన్నెండు మంది, నడపడానికి ఒక స్త్రీ, ఒక పురుషుడు. చేర్చుకునే ముందు అతనొక్కడితోనే విడిగా మాట్లాడాలి, ఈ చట్టం కింద బాధితురాలికి సాయపడే ప్రొటెక్షన్ ఆఫీసర్ రాసిన డీఐఆర్ (జరిగిన హింస వివరాల నివేదిక) దగ్గర పెట్టుకుని మరీ. లేదంటే అతను చెప్పే కథలో పదిసార్లు కొట్టింది ‘ఒకసారి తోశాను’ అయిపోతుంది. గొంతు నులిమినవాణ్ని, చంపుతానని బెదిరించినవాణ్ని ఆమెకు భద్రత ఏర్పాటయ్యేదాకా బృందంలో చేర్చకూడదు.

మొదటి వారాల్లో ఒకే ఒక్క ఘటన చెప్పించాలి: ముందు ఏమన్నాడు, చెయ్యి ఎక్కడ పడింది, పిల్లలు ఎక్కడున్నారు, తర్వాత ఆమె ఏం చెయ్యడం మానేసింది. ‘కోపంలో జరిగిపోయింది’ అంటే ఒప్పుకోకూడదు. మేస్త్రీ తిట్టినా లేవని చెయ్యి భార్య మీదే ఎందుకు లేస్తోంది? అందుకే కోపం తగ్గించుకునే పాఠాలు ఒక్కటే చాలవు. జీతం లాక్కోవడం, ఫోన్ తనిఖీ, పుట్టింటికి పంపకపోవడం కూడా తరగతిలో చర్చకు రావాలి. తాగుడుకు చికిత్స విడిగా, పక్కనే సాగాలి; మందు మానినా పెత్తనం మానని వాళ్లున్నారు.

1980లలో అమెరికాలోని డులూత్‌లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతి ఫలితాల మీద పరిశోధకులు ఏకాభిప్రాయానికి రాలేదు. చాలామంది మధ్యలో మానేస్తారు. మరికొందరు వచ్చేదే ‘క్లాసుకు పోతున్నా కదా, కేసు వాపసు తీసుకో’ అనడానికి. ఇంకొందరు నేర్చిన మాటలతోనే ఆమెను మరింత తెలివిగా నలుపుతారు. కాబట్టి ‘మారాడు’ అని సర్టిఫికెట్ ఇవ్వొద్దు, హాజరు వివరాలే కోర్టుకు పంపాలి. అతను రాని రోజే ఆ కబురు ఆమెకు, ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు చేరాలి. హింసకు గురైన మహిళలకు సాయపడే సఖి కేంద్రం నుంచి ఒక కార్యకర్త ఆమెతో విడిగా మాట్లాడుతుండాలి. ఆమె చెప్పింది ఏదీ అతని చెవిన పడకూడదు.

ముందు రెండు జిల్లాల్లో మొదలుపెట్టండి. సఖి కేంద్రాల నిధుల్లోంచి మాత్రం పైసా తీయొద్దు. ఏడాది తర్వాత లెక్క చూసేటప్పుడు ఎందరు పూర్తిచేశారన్నదానితో ఆగకుండా, ఇంట్లో ఏం మారిందో వాళ్ల భార్యల్ని విడివిడిగా అడిగించండి.

ఇట్లు,
గృహహింస కేసుల్లో పనిచేసే కౌన్సెలర్లు, న్యాయవాదులు